“మావాడికి స్పీడు లేదు, మారథాన్‌లో పెట్టండి సార్”

పిల్లలను గ్రౌండుకు తీసుకొచ్చే తల్లిదండ్రుల నోట నేను తరచూ వినే మాట ఇది. ఆ పిల్లవాడికి పదిహేడేళ్లుంటాయి. 1500 మీటర్లలో జిల్లా స్థాయి దాటలేదు, అంతే!

అపోహ: మారథాన్ (42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు) అనేది వేగం లేనివాళ్లకు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

వాస్తవం: ఇంతకన్నా నష్టం చేసే మాట మా రంగంలో మరొకటి లేదు. ఐర్లాండ్‌కు చెందిన జెర్రీ కీర్నన్‌నే తీసుకోండి. 1953లో పుట్టారు. 1976లో మైలు (సుమారు 1.6 కిలోమీటర్ల) పరుగును నాలుగు నిమిషాల లోపు ముగించారు. డబ్లిన్ మారథాన్ గెలిచింది 1982లో, 29 ఏళ్లకు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో 2 గంటల 12 నిమిషాల 20 సెకన్లకు తొమ్మిదో స్థానంలో వచ్చారు. డబ్లిన్‌లో 1992లో మళ్లీ గెలిచేనాటికి ఆయనకు 39 ఏళ్లు.

లెక్క చూడండి. మైలు నాలుగు నిమిషాలంటే కిలోమీటరుకు సుమారు రెండున్నర నిమిషాలు. ఒలింపిక్స్‌లో ఆయనకు కిలోమీటరుకు పట్టింది 3 నిమిషాల 8 సెకన్లు. కాళ్లలో అంత వేగం నిల్వ ఉన్నవారికి మారథాన్ వేగం ఊపిరాడనివ్వనిదిగా అనిపించదు. అదే పోటీలో రజతం గెలిచిన ఐర్లాండ్ రన్నర్ జాన్ ట్రేసీకి అది తొలి మారథాన్. అప్పటికే ఆయన 1978, 1979లలో ప్రపంచ క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీదుగా సాగే పరుగు) విజేత. స్వర్ణం గెలిచిన కార్లోస్ లోపెజ్‌కు 37 ఏళ్లు. వీళ్లలో ఎవరూ వేగం లేక మారథాన్‌కు వచ్చినవారు కాదు.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ ఆ స్థాయికి చేరలేం.

వాస్తవం: కీర్నన్ బడిపంతులు. డబ్లిన్‌లో పిల్లలకు పాఠాలు చెబుతూనే పరిగెత్తారు.

అపోహ: మారథాన్ రన్నర్ మారథాన్ మాత్రమే నేర్పగలడు.

వాస్తవం: కోచ్‌గా కీర్నన్ తీర్చిదిద్దిన కియెరా మగీన్ పరుగు 1500 మీటర్లు. చీలమండ శస్త్రచికిత్స నుంచి కోలుకుని, 2016లో ఆమ్‌స్టర్‌డామ్ యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో ఆమె కాంస్యం గెలిచింది.

అపోహ: నొప్పి పుడితేనే ప్రాక్టీసు సరిగ్గా జరిగినట్టు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఒక అబ్బాయి వీడియోలు చూసి వారం వారం ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి, కుంటుతూ నా దగ్గరకు వచ్చాడు. స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని చీలిక) తేలింది. “ఇక పరిగెత్తలేడా సార్?” అని వాళ్ల నాన్నగారు అడిగినప్పుడు ఆయన గొంతు వణికింది. తప్పకుండా పరిగెత్తుతాడు, ముందు ఎముక మాననివ్వండి అన్నాను. ఊపిరి, కండరాలు కొత్త శ్రమకు త్వరగానే అలవాటు పడతాయి. ఎముకకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. కుర్రవాళ్లు దెబ్బతినేది ఆ మధ్య కాలంలోనే. ఇప్పుడు ఆ అబ్బాయి 800, 1500 మీటర్లే సాధన చేస్తున్నాడు, హాయిగా.

మీ పిల్లల మోకాలి కింది ముందు ఎముకను వేలితో తడిమి చూడండి. ఏదో ఒక్క చోట నొక్కితే కలుక్కుమంటోందా? ఆ రోజే పరుగు ఆపించి ఎముకల డాక్టరుకు చూపించండి.