వెనక సీటులో ఎవరున్నారు?

"ఒక్కదానివే వద్దమ్మా, ఫ్రెండ్స్‌తో అయితే వెళ్ళు." ఇంటర్‌లో చేరిన పిల్లలున్న ఇళ్ళలో రోజూ వినిపించే మాటే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి, బ్లూ లైన్ పట్టుకుని మాదాపూర్‌కి ఒంటరిగా వెళ్తానంటే అమ్మానాన్నలకు గుండె దడ. అదే నలుగురు కలిసి బయల్దేరితే నిశ్చింత. పోకిరీల భయమైతే ఆ జాగ్రత్త సబబే, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. కానీ పిల్లలు తమంతట తాము చేసే దుడుకు పనుల సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద ఒక కారు ఆట ఆడించి, 2005లో ఆ ఫలితాలు ప్రచురించారు. పసుపు దీపం వెలిగాక ఎంత ముందుకు పోతే అన్ని పాయింట్లు. ఆపడం ఆలస్యమైతే కారు గుద్దుకుని మొత్తం పోతాయి. తోటివాళ్ళు పక్కన చేరగానే 13–16 ఏళ్ళ పిల్లలు బాగా తెగించారు. 24 దాటినవాళ్ళలో అలాంటి మార్పు కనిపించలేదు. 2011లో స్టైన్‌బర్గ్ బృందమే ఇలాంటి ఆటను మెదడు పనితీరు చూపే స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించింది. స్నేహితులు పక్కన కూడా లేరు, వేరే గదిలో తెర మీద చూస్తున్నారంతే. ఒంటరిగా ఆడినప్పుడు పెద్దలకూ పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫ్రెండ్స్ చూస్తున్నారని తెలియగానే మాత్రం టీనేజర్ల మెదడులో వెంట్రల్ స్ట్రయేటమ్ చురుకెక్కింది. ఏదైనా దక్కబోతోందంటే ఉత్సాహపడే భాగం అది. డోపమిన్ అనే మెదడు రసాయనంతో పనిచేస్తుంది, ఈ వయసులో దాని స్పందన మరీ ఎక్కువ. దానికి కళ్ళెం వేయాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుదుటి వెనక ఉంటుంది, ఇరవైల మధ్యదాకా ముదురుతూనే ఉంటుంది.

అంటే 16 ఏళ్ళవాడికి బుర్ర లేదని కాదు. తొందర లేకుండా కూర్చోబెట్టి అడిగితే లాభనష్టాలు పెద్దవాళ్ళలాగే బేరీజు వేస్తాడు. వేగం, ఉద్రేకం, చూసే కళ్ళు మూడూ కలిసినచోటే చిక్కు. మనం స్వేచ్ఛ ఇచ్చేటప్పుడు వయసు ఒక్కటే చూస్తాం, ఈ మూడింటినీ పట్టించుకోం. అందుకే బ్యాంకు పనికి ఇంకా నాన్నే తోడెళ్తాడు, స్కూటీ తాళాలు మాత్రం చేతికొచ్చేస్తాయి. పదేళ్ళు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతాను సొంతంగా నడుపుకునే వీలును బ్యాంకులు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకే చెబుతోంది!

ఒంటరి మెట్రో ప్రయాణంలో ఇంకో లాభం కూడా ఉంది. మనం ఎక్కడున్నామో గుర్తుపట్టే కణాలు హిప్పోక్యాంపస్‌లో ఉంటాయని జాన్ ఓకీఫ్ 1971లో కనిపెట్టాడు, 2014లో నోబెల్ అందుకున్నాడు. దారి తానే వెతుక్కున్నప్పుడు మెదడులోని ఈ భాగానికి బాగా పని పడుతుంది. క్యాబ్ వెనక సీట్లో ఫోన్ చూస్తూ తిరిగిన పిల్లలకు హైదరాబాద్ అర్థమవుతుందంటే నాకు నమ్మకం లేదు.

ఇక బండి సంగతి. మోటారు వాహనాల చట్టం 16 ఏళ్ళకు అనుమతించేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండినే. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే పెట్రోల్ స్కూటీలు దాదాపు అన్నీ 50 సీసీ దాటినవే, అంటే 18 నిండాలి. మైనర్ నడుపుతూ దొరికితే 2019 సవరణ ప్రకారం బండి ఇచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు పడొచ్చు.

పక్కన ఉన్నది ఎవరన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో పిల్లలు ఇలాంటి డ్రైవింగ్ ఆటే ఒకసారి ఒంటరిగా, ఒకసారి అమ్మ చూస్తుండగా ఆడారు. అమ్మ ఉన్నప్పుడు తెగింపు తగ్గింది. లెర్నర్ లైసెన్స్‌తో టూవీలర్ నడిపేవాళ్ళు నేర్పేవాళ్ళను తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదని మన నిబంధనల్లోనూ ఉంది. కాలేజీ గేటు దగ్గర నిలబడితే అదెంత అమలవుతోందో తెలుస్తుంది, ముగ్గురేసి ఎక్కుతుంటారు. న్యూజిలాండ్ 1987లోనే దశలవారీ లైసెన్సు తెచ్చింది. అక్కడ రెండో దశలో ఉన్నవాళ్ళు అనుభవజ్ఞుడు పక్కన లేకుండా రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా బండి తీయకూడదు, స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఇక్కడ లైసెన్సు చేతికొచ్చాక అలాంటి దశేమీ లేదు కాబట్టి, మొదటి కొన్ని నెలలు వెనక సీటు ఖాళీగా ఉంచాలన్న షరతు ఇంట్లోనే పెట్టుకోవాలి.