విప్పిన కారులో కనిపించే కంపెనీ

కార్ల కంపెనీలు పోటీదారుల కార్లను డబ్బు పెట్టి కొనుక్కుంటాయి. నడుపుకోవడానికి కాదు, వర్క్‌షాపుకు తీసుకెళ్లి చివరి స్క్రూ దాకా విప్పడానికి. ఊడదీసిన ప్రతి భాగాన్నీ తూకం వేస్తారు. అది ఏ లోహం, పోత పోశారా, ప్రెస్‌లో ఒత్తారా, ఎన్ని వెల్డింగులు పడ్డాయి, బిగించడానికి మనిషి ఎంతసేపు వంగి పనిచేయాలి, అన్నీ రాసుకుంటారు. ఆ లెక్కల నుంచి భాగం తయారీకి ఎంత ఖర్చయి ఉంటుందో కట్టేస్తారు. దీన్నే టియర్‌డౌన్ అంటారు. ఇందులో రహస్యమూ లేదు, దొంగతనమూ లేదు, అందరూ అందరి కార్లనూ విప్పుతారు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో శాండీ మన్రో 1988లో పెట్టిన సంస్థకు ఇదే వృత్తి. ఇలాంటి నివేదికలు చాలాకాలం కంపెనీల మధ్యే అమ్ముడుపోయేవి. తర్వాత మన్రో బృందం ఎలక్ట్రిక్ కార్లను యూట్యూబ్‌లో విప్పి చూపించడం మొదలుపెట్టాక మనలాంటి వాళ్లకూ లోపలికి తొంగిచూసే వీలు దొరికింది.

మోటారు, బ్యాటరీ సంగతి అలా ఉంచితే, ఈ పరిశీలనల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి అతుకులు. రెండు భాగాలు ఎక్కడ కలుస్తున్నాయి, అసలు అక్కడ రెండు భాగాలు ఎందుకున్నాయి అని అడుగుతూ పోతే సమాధానం చాలాసార్లు ఇంజినీరింగ్‌లో దొరకదు. కంపెనీలో ఎవరు ఎవరితో మాట్లాడతారు అన్నదాంట్లో దొరుకుతుంది.

2018లో మన్రో బృందం టెస్లా మోడల్ 3ని విప్పింది. ఎలక్ట్రానిక్స్ చూసి మన్రో ముచ్చటపడ్డారు. బాడీ చూసి మాత్రం విరుచుకుపడ్డారు. వెనక చక్రం పైన ఉండే గూడునే తీసుకుంటే, పోటీ ఎలక్ట్రిక్ కారు షెవర్లే బోల్ట్‌లో అది ఒత్తిన ఒకే రేకు. మోడల్ 3లో తొమ్మిది ముక్కలు. కొన్నింటిని వెల్డ్ చేశారు, కొన్నింటికి రివెట్లు కొట్టారు, కొన్నింటిని జిగురుతో అతికించారు. ముక్క పెరిగిన కొద్దీ ఒక అచ్చు, ఒక రోబో, కాస్త కొలత తేడా అదనంగా వచ్చి చేరతాయి. చిన్న చిన్న తేడాలన్నీ పోగుపడి చివరికి తలుపు సందు సరిగ్గా కుదరని చోట బయటపడతాయి.

రెండేళ్ల తర్వాత టెస్లా మోడల్ వై వచ్చింది. వెనక అడుగు భాగంలో రెండు పెద్ద అల్యూమినియం పోతలు కనిపించాయి. కొద్దికాలానికే ఆ రెండూ కలిసి ఒకటయ్యాయి. దాదాపు 70 భాగాల పని ఇది చేస్తుందని టెస్లా చెప్పింది. ఇటలీలోని ఇద్రా సంస్థ చేసిన, సుమారు 6,000 టన్నుల బలంతో అచ్చును మూసి పట్టే యంత్రంలో కరిగిన లోహాన్ని క్షణాల్లో నింపుతారు. అసలు చిక్కు యంత్రం సైజుతో కాదు. మామూలుగా పోత పోసిన అల్యూమినియానికి బలం రావాలంటే మళ్లీ వేడి చేయాలి, కానీ ఇంత పెద్ద ముక్కను వేడిచేస్తే వంకర పోతుంది. అందుకే వేడిచేయనక్కర్లేని మిశ్రలోహం ముందు సిద్ధం కావలసి వచ్చింది. దీనికి ఇంకో వైపూ ఉంది. రేకు సొట్టపోతే సరిచేస్తారు. పోత పగిలితే మరమ్మతు అంత తేలిక కాదు.

వేడి సంగతి ఇంకా ఆసక్తికరం. పెట్రోలు ఇంజిన్ ఇంధనంలో సగానికి పైగా శక్తిని వేడిగా వృథా చేస్తుంది కాబట్టి చలికాలంలో లోపల వెచ్చదనం ఉచితం. ఎలక్ట్రిక్ మోటారుకు అంత దుబారా లేదు, అందుకే వేడిని పొదుపుగా వాడుకోవాలి. బ్యాటరీకి చలీ పడదు, అతి వేడీ పడదు. మోటారుకు చల్లదనం కావాలి, మనుషులకు ఏసీ కావాలి. మామూలు కార్ల కంపెనీలో ఈ మూడూ మూడు బృందాల పనులు. ఎవరి పైపులు వాళ్లవి, ఎవరి పంపు వాళ్లది. మోడల్ 3లో కూలెంట్ (చల్లబరిచే ద్రవం) డబ్బా, పంపులు, వాల్వులు అన్నీ కలిపి ఒకే భాగంగా పెట్టారు. దానికి టెస్లా పెట్టుకున్న పేరు సూపర్‌బాటిల్. బ్యాటరీని వెచ్చబెట్టడానికి విడిగా హీటరు లేదు, మోటారునే కావాలని కాస్త అసమర్థంగా నడిపి ఆ వేడిని మళ్లిస్తారు. మోడల్ వైలో దీనికి బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే హీట్ పంపు, వేడిని అవసరమైన చోటికి తిప్పే ఆక్టోవాల్వ్ తోడయ్యాయి. ఇలాంటి భాగం పుట్టాలంటే ముందు ఆ మూడు బృందాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి.

కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతే ఉంది. ఏ సంస్థ ఏది రూపొందించినా అందులో ఆ సంస్థ లోపలి సంబంధాల నమూనానే దిగుతుంది అన్నాడాయన. ఆయన మనసులో ఉన్నది కంప్యూటర్ వ్యవస్థలు. కారు వైరింగ్ చూసి ఉంటే ఇంకా గట్టిగా చెప్పేవాడేమో.

ఫోర్డ్ సీఈవో జిమ్ ఫార్లీ 2023లో చెప్పిన మాటలే దీనికి ఉదాహరణ. తమ ఎలక్ట్రిక్ కారు మస్టాంగ్ మాక్-ఈ వైరింగ్ అవసరమైన దానికంటే 1.6 కిలోమీటర్లు ఎక్కువ పొడవుందని, సుమారు 32 కిలోల అదనపు బరువుందని ఆయన ఒప్పుకున్నారు. కారణమూ చెప్పారు. కారులోని కంట్రోల్ మాడ్యూళ్లను, అంటే ఒక్కో పనిని నడిపించే చిన్న కంప్యూటర్ పెట్టెలను, దశాబ్దాలుగా సప్లయర్లకు అప్పగించారు. అవి దాదాపు 150 ఉంటాయి, వాటి సాఫ్ట్‌వేర్ ఎవరిది వాళ్లే రాశారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని పెట్టెల మధ్య తీగలు లాగకతప్పదు. టెస్లా ఆ పెట్టెలను తగ్గించి, కొన్ని కంప్యూటర్లను దగ్గర్లో ఉన్న భాగాలన్నింటికీ బాధ్యులను చేసింది, దాంతో తీగల పొడవు తగ్గింది. 2023 చివర్లో వచ్చిన సైబర్‌ట్రక్‌లో ఇంకో అడుగు వేసి, కార్లలో తరాలుగా పాతుకుపోయిన 12 వోల్టుల వ్యవస్థను 48 వోల్టులకు మార్చారు. వోల్టేజి నాలుగింతలైతే అదే పనికి కరెంటు నాలుగో వంతు చాలు. అదే తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి సన్నని తీగ సరిపోతుంది, రాగి మిగులుతుంది. లాభం ఇంత తేటగా ఉన్నా మిగతావాళ్లు ఆగిపోవడానికి కారణం ఉంది. అద్దాల మోటారు నుంచి లైట్ల దాకా సప్లయర్లు చేసేవి దాదాపు అన్నీ 12 వోల్టులవే.

చైనా కార్లను విప్పినవాళ్లకు కనిపించింది వేరే రకం పొందిక. 2023లో యూబీఎస్ బ్యాంకు విశ్లేషకులు చైనా కంపెనీ బీవైడీ చేసిన సీల్ కారును విప్పించి, అందులో సుమారు 75 శాతం భాగాలు బీవైడీ సొంతంగా చేసుకున్నవేనని లెక్కగట్టారు. చిన్న కారు సీగల్‌లో ముందు అద్దానికి ఒక్కటే వైపర్. ఇది పిసినారితనం అనిపించవచ్చు. నాకైతే రెండో వైపర్‌ను తీసేయమన్న ఇంజినీరు మాట అక్కడ చెల్లింది కదా అనిపిస్తుంది.

అయితే టియర్‌డౌన్‌ను అతిగా నమ్మకూడదు. అది ఒక రోజు తయారైన ఒక కారు. టెస్లా కొత్త మోడల్ సంవత్సరం కోసం ఆగకుండా మధ్యలోనే భాగాలు మారుస్తుంది కాబట్టి నివేదిక త్వరగానే పాతబడుతుంది. పైగా బల్ల మీద పరిచిన భాగాలు బరువు చెబుతాయి, ఖరీదు చెబుతాయి. పదేళ్ల గతుకుల రోడ్ల తర్వాత ఎలా ఉంటాయో చెప్పవు.

ఇక బ్యాటరీ. 2012 నాటి మోడల్ ఎస్ 85 కిలోవాట్ అవర్ ప్యాక్‌లో 7,104 చిన్న సెల్స్ 16 మాడ్యూళ్లుగా ఉండేవి. మోడల్ 3 లాంగ్ రేంజ్‌లో కాస్త పెద్దవి 4,416 సెల్స్, నాలుగే మాడ్యూళ్లు. మాడ్యూల్ అంటే సెల్స్ గుంపును పెట్టుకునే పెట్టె. విడిగా పరీక్షించడానికి, పాడైతే మార్చడానికి బాగుంటుంది. కానీ ఆ పెట్టె గోడలు కరెంటు నిల్వ చేయవు, ఊరికే చోటు తింటాయి. 2020లో బీవైడీ తెచ్చిన బ్లేడ్ బ్యాటరీ ఆ గోడల్ని తీసేసింది. సుమారు 96 సెంటీమీటర్ల పొడవు, 13.5 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీల్లాంటి సెల్స్ ప్యాక్‌లో నేరుగా పేర్చి ఉంటాయి, అవే దూలాల్లా బిగువునూ ఇస్తాయి. వాటిలోని ఐరన్ ఫాస్ఫేట్ రసాయనం నికెల్ సెల్స్ కంటే కిలోకు తక్కువ శక్తి దాచినా, మిగిల్చిన చోటు ఆ లోటును చాలావరకు పూడ్చింది.

2022లో టెక్సస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మోడల్ వైలో 828 పెద్ద సెల్సే ఉన్నాయి, మాడ్యూల్ ఒక్కటీ లేదు. ప్యాక్ పైమూతే కారు నేల, సీట్లు దానికే బిగించి ఉన్నాయి. మూత తీశాక మన్రో బృందానికి ఎదురైంది గులాబీ రంగు పాలీయురెథేన్ నురగ. గట్టిపడి సెల్స్ సందులన్నీ నింపేసింది. అన్నింటినీ ఒకే ముద్దగా పట్టి ఉంచి కారుకు బిగువునిచ్చేది అదే, అందుకే అది ఊడిరాదు. విప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా దాన్ని గీకి, తవ్వి, సెల్స్‌ను కష్టపడి బయటికి తీయవలసి వచ్చింది. ఒక సెల్ చెడితే దాన్ని ఒక్కదాన్నే మార్చడం దాదాపు అయ్యే పని కాదు. కారు కాలం తీరాక రీసైక్లింగ్ చేసేవాళ్లకు కూడా ఈ నురగతోనే పని పడుతుంది. వాళ్లకు ఒక్కో ప్యాక్ మీద వారాలు వెచ్చించే తీరిక ఉండదు.