లోకోషెడ్ అడుగున ఉన్న పాత పైపు

రైల్వే వర్క్‌షాపుల్లో డ్రైనేజీ మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చంతా ఖర్చు చుట్టూనే తిరుగుతుంది. అసలు చిక్కు మొదలైంది మాత్రం ఆవిరి ఇంజన్ల కాలంలో.

అప్పట్లో షెడ్లు కట్టినవాళ్లకు నీళ్లు తెచ్చుకోవడమే పెద్ద పని, ఎందుకంటే ఆవిరి ఇంజన్ తాగే నీటికి లెక్కలేదు. ఆ నీళ్లు ఎటు పోవాలన్నది మాత్రం ఎక్కువగా ఆలోచించలేదు. బాయిలర్ కడిగిన నీళ్లు, బూడిద గుంతల్లో నిలిచినవి, మరుగుదొడ్ల మురుగు, కప్పు మీద పడిన వాన, చాలాచోట్ల అన్నీ ఒకే పైపులోకి చేరేవి. పైపు చివర ఏదో ఒక ఏరు. నగరాలు కూడా అలాగే చేశాయి. 1858లో థేమ్స్ కంపు భరించలేక లండన్ తలపెట్టిన, ఇంజనీర్ బజాల్జెట్ రూపొందించిన కాలువలు సైతం వాననూ మురుగునూ కలిపి మోసేవే. కాబట్టి షెడ్లు కట్టినవాళ్లను తప్పుపట్టలేం. ఇంజన్లు మారాక కూడా పైపులను అలాగే వదిలేసినవాళ్లను మాత్రం అడగాలి.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో డీజిల్ వచ్చింది. బూడిద నీటి అడుగుకు చేరుతుంది, నూనె పైన తేలుతుంది. డీజిల్, లూబ్రికేటింగ్ ఆయిల్ చుక్కచుక్కగా పట్టాల మధ్య కంకరలోకి ఇంకి, వాన పడినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి. దీనికోసం ఆయిల్ సెపరేటర్లు పెట్టారు. తొట్టిలో నీటి వేగం తగ్గితే నూనె పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. సూత్రం సులువే. కానీ ఇంజన్లు కడిగే డిటర్జెంట్ నూనెను సన్నని తుంపరలుగా విరగ్గొడితే అది తేలదు, నీటితో పాటే దాటిపోతుంది. పైగా కప్పుల మీది వానంతా అదే తొట్టిలోకి వస్తే ప్రవాహం ఉరకలెత్తి, పోగుపడిన నూనెను కూడా తోసుకుపోతుంది. శుభ్రమైన వాననీటిని మురికి నీటితో కలవనివ్వకపోవడమే అసలు పని అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. అది చేయకుండా ఎంత పెద్ద సెపరేటర్ కొన్నా భారీ వానకు చేతులెత్తేస్తుంది.

విద్యుత్ రైళ్లు కూడా తమ వంతు మచ్చ మిగిల్చాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని పయోలీ యార్డులో రైలు ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి కారిన పీసీబీలనే విష రసాయనాలు మట్టిలో ఇంకాయి. ఆ మట్టిని వాననీరు పక్కనున్న ఇళ్ల స్థలాల్లోకి, వాగుల్లోకి మోసింది. 1990లో ఆ యార్డు సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే అమెరికా ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన విషపూరిత స్థలాల జాబితాకు. అక్కడ విషాన్ని ఊళ్లోకి చేర్చింది ఫ్యాక్టరీ గొట్టం కాదు, మామూలు వాన.

చట్టం ఈ సంగతి గుర్తించడానికి సమయం పట్టింది. అమెరికా 1972 స్వచ్ఛజల చట్టం అమలులో మొదట ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీదే దృష్టి పెట్టారు. పరిశ్రమల ఆవరణల్లోంచి పారే వాననీటికి స్పష్టమైన పర్మిట్ ఏర్పాటు 1987 సవరణతో, 1990 నిబంధనలతో వచ్చింది. రైలు ఇంజన్ల మరమ్మతు, ఇంధనం నింపే చోట్లు అందులోకి వచ్చాయి.

ఇక మార్చడం దగ్గరికి వస్తే, పట్టాల కింద తవ్వాలంటే రైళ్లు ఆపాలి. పాత డ్రాయింగులు దొరకవు, దొరికినా నమ్మలేం. రంగునీళ్లు వదిలి, పొగ ఊది, కెమెరా పంపి ఏ గొట్టం ఎక్కడ కలుస్తోందో వెతుక్కోవాలి. 1971లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీర్ లండన్‌లో ఒక ఉపాయం చేసి చూపించాడు. రెసిన్ అనే గట్టిపడే జిగురులో తడిపిన గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి పంపి గట్టిపరిస్తే లోపల కొత్త పైపు తయారవుతుంది, పట్టాలు కదపక్కర్లేదు. ఈ పద్ధతితో అతుకుల దగ్గర లీకులు ఆగుతాయి, భూగర్భజలం లోపలికి ఊరడం తగ్గుతుంది. అయితే వాననీరూ మురికినీరూ కలిసి పారే పైపుకు ఇలా లోపల పూత వేస్తే అవి ఇంకా సాఫీగా కలిసే పారతాయి. అందుకే పూతకు టెండర్ పిలిచే ముందే వాననీటికి విడి లైన్ ఎక్కడ వేయాలో తేల్చాలి. ఆ తర్వాతే సెపరేటర్ సైజు లెక్క వేయాలి.