ఎండలో మసకబారే చూపు

"వైరల్ జ్వరం తగ్గిన రెండు వారాలకు కుడికన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి, ఎరుపు వెలిసినట్టు కనపడేది. మందులతో చూపు వచ్చింది. కానీ ఎండలో నడిస్తే మళ్ళీ మసక, నీడకొస్తే మామూలే. ఎందుకు?" అని ఉదయగిరి నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

మీకు వచ్చిన జబ్బు కంటినరం వాపు (ఆప్టిక్ న్యూరైటిస్) లా ఉంది. ఎండలో వచ్చే ఈ మసక రోహిణి కార్తెలో అందరికీ కమ్మే బైర్లు కాదు. 1890లో జర్మన్ వైద్యుడు ఉథాఫ్ దీన్ని వర్ణించాడు. శ్రమ వల్ల అనుకున్నాడు; అసలు కారణం ఒంటి వేడి.

కంటినరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. వాటిపై కొవ్వుతో నిండిన తొడుగు మైలిన్. ఈ జబ్బులో చెరిగేది అదే. దాన్ని చాలాసార్లు చెరిపేది వైరస్ కాదు, వైరస్ మీదికి లేచిన మన రక్షణ వ్యవస్థే. పూర్వం కుక్కకాటుకి బొడ్డు చుట్టూ పొడిచిన సూదిమందు గొర్రె మెదడుతో చేసేవాళ్ళు. అందులోని మైలిన్‌ను శత్రువనుకున్న శరీరం సొంత మైలిన్ మీద కూడా పడి, కొందరికి పక్షవాతం వచ్చేది. బతికున్న వైరస్ అక్కర్లేకుండానే!

ఇక వేడి సంగతి. సిమెంటు కాలువ మీద దూరదూరంగా తొట్లున్నాయనుకోండి. తొట్టి నిండితేనే అక్కడి మోటార్ తిరిగి నీళ్ళను తర్వాతి తొట్టికి తోస్తుంది. ఈ తొట్లే రాన్వియర్ కణుపులు (మైలిన్ తొడుగు మధ్య ఖాళీలు), మోటార్లు సోడియం ద్వారాలు (సోడియాన్ని పోగులోకి వదిలేవి), నీళ్ళు విద్యుత్తు. మంచి నరంలో అవసరానికి ఐదారు రెట్లు నీళ్ళు చేరతాయి. మైలిన్ ఊడితే సిమెంటు లేచిపోయినట్టే: దారిలోనే ఇంకిపోయి, తొట్టికి బొటాబొటీగా అందుతాయి. వేడికి సోడియం ద్వారాలు త్వరగా మూసుకుంటాయి, అంటే మోటార్ తొందరగా ఆగిపోతుంది. సిమెంటు బాగుంటే ఆ లోటు తెలియదు. లేచిపోయిన చోట తర్వాతి తొట్టి నిండదు, దాని మోటార్ తిరగదు, కబురు అక్కడే ఆగిపోతుంది. ఇందుకు ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగితే చాలు! ఒళ్ళు చల్లబడగానే మళ్ళీ పారుతుంది. కాబట్టి ఎండ వల్ల నరం కొత్తగా చెడలేదమ్మా, టెన్షన్ వద్దు. గొడుగు, తడిగుడ్డ, చల్లటి నీళ్ళు దగ్గరుంచుకోండి.

దిష్టి తీయించినా నష్టం లేదు గానీ, కంట్లో ఆకుపసరు మాత్రం పిండొద్దు. దెబ్బ తిన్నది కంటి వెనక నరం, పసరు అక్కడికి చేరదు సరికదా, నల్లగుడ్డు మీది పొర పుండు పడుతుంది.

చల్లబడ్డా మసక వీడక ఒక రోజు దాటితే అది కొత్త దాడి కావచ్చు, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. పాత చీటీతో స్టెరాయిడ్ మాత్రలు కొనొద్దు. 1992లో వెలువడిన అమెరికా పరీక్షలో, మామూలు మోతాదు మాత్రలు మాత్రమే మింగినవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది.