చంద్రి ఊరందరికీ తెలుసు, బీమా కంపెనీకి తెలియదు: పశువుల పేర్లపై అపోహలు - వాస్తవాలు

మా పశువుల ఆసుపత్రి ఓపీ రిజిస్టర్‌లో పశువు పేరుకు గడి లేదు. అయినా నేను అడుగుతాను. పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగిన ఇన్నేళ్లలో పోగైన పేర్లతో నోటుబుక్కు ఒకటి నిండిపోయింది. కరెంటు పోయిన రాత్రి పుట్టిన పెయ్యదూడ 'లాంతరు'. బోరులో నీళ్లు పడిన రోజు ఈనిన ఆవు 'గంగ'. పక్క ఊళ్లో, నీళ్లు పడని రోజు కొన్న గేదె కూడా 'గంగే' (ఆశ చావదు కదా). అప్పు చేసి కొన్న గేదెను ఒక ఇంట్లో 'లోను' అనేవాళ్లు. "లోను ఈనిందా?" అని రోడ్డు మీద అడిగితే కొత్తవాళ్లు వింతగా చూసేవారు. నెల్లూరు గొర్రెలకైతే మందలో పేరు పెట్టే తీరిక ఉండదు, రంగే పేరు: ఒళ్లంతా తెలుపైతే పల్ల, గోధుమ రంగైతే దోర, తెల్ల ఒంటికి మూతి దగ్గర, కళ్ల చుట్టూ నలుపుంటే జోడిపి.

పేర్లతో నాకు పేచీ లేదు. పేరును నమ్ముకుని జనం పోగొట్టుకునే డబ్బుతోనే బాధ.

అపోహ: మా గేదెను ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు, చెవికి ట్యాగ్ ఎందుకు?

ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. విన్నప్పుడల్లా చంద్రి అనే గేదె గుర్తొస్తుంది.

నుదుట చందమామ లాంటి తెల్ల మచ్చ ఉందని దానికి ఆ పేరు. భర్త పోయాక దాని యజమానురాలికి ఆ పాలే ఆధారం. ఆవిడ ఎవరో చెబితే బుద్ధిగా బీమా చేయించింది, ప్రీమియం కట్టింది. కొన్నాళ్లకు ముళ్ల కంచెకు తగులుకుని ట్యాగ్ ఊడిపోయింది. ఆవిడ దాన్ని వెతికి, కడిగి, రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచింది. పోకూడని వస్తువని తెలుసు, ఎక్కడ ఉండాలో తెలియదు.

ఐదు నెలల తర్వాత చంద్రి చచ్చిపోయింది. నేను పోస్ట్‌మార్టం చేస్తుంటే ఆవిడ ఇంట్లోకి వెళ్లి, పసుపుపచ్చ ట్యాగ్‌ను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇదిగో సారూ, ఒక్క నెంబరు కూడా చెరగలేదు." చెవికి మాత్రం ఖాళీ చిల్లు. పాలసీలో రాసిన ఆనవాళ్లేమో "నల్ల గేదె, నుదుట తెల్ల మచ్చ, వంపు కొమ్ములు". ఆ పంచాయతీలోనే అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. ఊరి పెద్దలు సంతకాలు పెట్టారు, పాలకేంద్రం అతను వచ్చి సాక్ష్యం చెప్పాడు. కంపెనీ ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది కానీ, అంతకు రెండు నెలల ముందు జ్వరానికి మందు వేయడానికి వెళ్లింది నేనే. పొదుగు చూశాను, కళ్లు చూశాను. చెవి చూడలేదు.

వాస్తవం: ట్యాగ్ మీద 12 అంకెలు ఉంటాయి. దేశంలో ఇంకే పశువుకూ ఆ నెంబరు ఉండదు. టీకాలు, సూది కట్టించిన (కృత్రిమ గర్భధారణ) వివరాలు అన్నీ దాని మీదే నమోదవుతాయి. బీమాలో ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు, అంతే. ఊడిపోతే ఆ రోజే మాకు, కంపెనీకి చెప్పండి. కొత్తది వేయించాక ఆ కొత్త నెంబరును పాలసీలో ఎక్కించుకోండి. అందరూ మరిచిపోయేది ఈ రెండో పనే. కొత్త ట్యాగ్ చెవికి వేలాడుతూనే ఉంటుంది, పాలసీలో పాత నెంబరే ఉంటుంది, మళ్లీ గొడవ. చెవి, మొహం, పక్కన మీరు కనపడేలా ఫోనులో ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. పశువు చనిపోతే వెంటనే కబురు చేయండి, డాక్టరు రాకముందే పూడ్చేయకండి.

ట్యాగ్ వేస్తే పాలు తగ్గిపోతాయని ఇంకో పుకారు. ఒకటి రెండు పూటలు బెదరొచ్చు. పుండు పడితే మందు రాయాలి, ఈగలు వాలకుండా చూడాలి. అంతకు మించి ఏమీ లేదు. టీ కొట్టు దగ్గర ఈ మాట అంటించేవాళ్లలో సగం మందికి గేదే ఉండదు.

అపోహ: ముందు దూడలు చచ్చిపోతే, తర్వాతి దానికి 'పెంటమ్మ' అని పేరు పెడితే బతుకుతుంది.

బిడ్డలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టినట్టే. వరసగా రెండు దూడలు పోయిన ఇంటి బాధ నాకు తెలుసు, అందుకే నవ్వను. పేరు పెట్టుకోండి. కానీ ఆ దూడలు పోయింది దిష్టి తగిలి కాదు. ఈనిన తల్లికి మాయ (గర్భంలో దూడను అంటిపెట్టుకున్న పొర) పడేదాకా దూడను తాగనివ్వకూడదని పట్టుబట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పుట్టిన గంట, రెండు గంటల్లోపు ముర్రుపాలు (ఈనగానే వచ్చే మొదటి పాలు) కడుపులో పడకపోతే రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు రాదు. ఆలస్యమైన కొద్దీ దాని పేగులు ఆ శక్తిని లోపలికి తీసుకోలేవు. మొదటి రోజు మొత్తానికి దూడ బరువులో పదో వంతు తాగాలి. గేదె దూడకైతే పదిహేను రోజుల్లోపే మొదటి నట్టల మందు పడాలి. తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి మరి. మా నోటుబుక్కులో పెంటమ్మలు నలుగురు ఉన్నారు. బతికిన ముగ్గురూ ముర్రుపాలు తాగినవాళ్లే.

అపోహ: పేరు పెట్టి పిలిస్తే పాలు పెరుగుతాయి.

వాట్సాప్‌లో తిరిగే ఈ మాటకు మూలం ఉంది. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 516 మంది పాడి రైతులను అడిగి, 2009లో ఫలితం ప్రకటించారు. ఆవులను పేర్లతో పిలిచే చోట్ల ఒక్కో ఆవుకు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ వచ్చాయి. ఆ పాలు పేరు వల్ల వచ్చాయని కాదు. పేరు పెట్టినవాడు కర్రతో కొట్టడు. బెదిరిన గేదెకు అడ్రినలిన్ పొంగి, పాలు చేపించే (పొదుగు నుంచి దించే) ఆక్సిటోసిన్ హార్మోన్ పని ఆగిపోతుంది. "రాణీ" అంటూనే నడుము మీద ఒకటి వేసేవాళ్లను చూశాను. వాళ్ల రాణి చేపదు. (ఇంజక్షన్ గుచ్చి చేపించేవాళ్ల సంగతి ఇంకోరోజు రాస్తాను.)

అపోహ: మన నెల్లూరు ఆవును బ్రెజిల్‌లో 40 కోట్లకు కొన్నారు.

త్వరగా తేల్చేస్తాను. దాని పేరు వియాటినా-19, పుట్టింది అక్కడే. 2023 వేలంలో అమ్మింది మూడో వంతు వాటా, సుమారు 14 లక్షల డాలర్లకు. మిగతాది దాన్ని బట్టి కట్టిన లెక్క. జాతి మన ఒంగోలుదే, అక్కడ దాన్ని 'నెలోర్' అంటారు. 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన ఆబోతుల్లో ఒకదాని పేరు 'కర్వాడి'. ఒంగోలు పక్కనున్న మన కరవదే అది. ఇక్కడి సంతలో మీ ఆవుకు ఆ ధర రాదు, దయచేసి నన్ను అడగొద్దు.

అపోహ: కొన్న పశువు పేరు మారిస్తే అచ్చిరాదు.

దానికి తెలిసేది పిలుపు, గొంతు, తవుడు బకెట్టు చప్పుడు. ఈ మూడూ కలిపి వారం రోజులు పిలవండి, కొత్త పేరు అలవాటవుతుంది.

చంద్రి పోయిన ఆవిడ నిరుడు ఇంకో గేదెను కొంది. పాత యజమాని దాన్ని ఏమని పిలిచాడో అడగనే లేదు. నుదుట మచ్చ లేకపోయినా దీన్నీ చంద్రి అనే పిలుస్తోంది. మొన్న నేను వెళ్లినప్పుడు దొడ్డి బయటి నుంచే కేకేస్తే అది మేత మానేసి తల తిప్పింది. నేను ముందు దాని చెవే చూశాను.