సర్జ్‌పూల్‌లో ‘సర్జ్’ ఏంటి సార్? అపోహలు - వాస్తవాలు

నాగర్‌కర్నూల్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. ‘సర్జ్’ మాట వచ్చిందంటే క్లాసులో ఎవరో ఒకరు ఈ అనుమానాలు లేపుతారు.

అపోహ: సర్జ్, సర్జన్, సర్జరీ ఒకే కుటుంబం.

వాస్తవం: చూడ్డానికే అలా ఉంటాయి. సర్జన్ మూలం గ్రీకు. అందులో ‘ఖెయిర్’ అంటే చెయ్యి, ‘ఎర్గాన్’ అంటే పని. చేత్తో వైద్యం చేసేవాడన్నమాట. లాటిన్, ఫ్రెంచి నోళ్లలో నలిగి ఆ రూపానికొచ్చింది. సర్జ్ పుట్టిందేమో లాటిన్ ‘సుర్గెరె’ నుంచి: కింది నుంచి పైకి లేవడం. దీని సొంత చుట్టాలు సోర్స్, రిసోర్స్, ఇన్‌సర్జెంట్, రిసరెక్షన్. 15వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు సర్జ్ అంటే నీటి ఊట. పెద్ద కెరటం అనే అర్థం ఆ తర్వాతది. ధరలకూ కేసులకూ వాడటం ఇంకా తర్వాత.

అపోహ: ఏది పెరిగినా సర్జ్ అనొచ్చు.

వాస్తవం: అనకూడదు. ప్లాటు రేటు పదేళ్లలో మెల్లగా పెరిగితే రైజ్. ఉన్నట్టుండి ఎగబాకితేనే సర్జ్.

అపోహ: సర్జ్‌పూల్ అంటే చిన్న రిజర్వాయర్.

వాస్తవం: ఇది మాత్రం మన పాలమూరు ప్రశ్న, నాకిష్టమైంది కూడా. కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం మొదటి పంపును 2023 సెప్టెంబర్ 16న ఆన్ చేశారు. శ్రీశైలం నీళ్లు సొరంగాల్లోంచి సర్జ్‌పూల్‌కి, అంటే పంపు ముందుండే లోతైన నీటి గుంతకి వస్తే, 145 మెగావాట్ల పంపు వాటిని అంజనగిరి రిజర్వాయర్‌కి ఎత్తిపోస్తుంది. కరెంటు పోయి పంపు టక్కున ఆగిందనుకోండి. సొరంగంలో ఉరికొస్తున్న నీళ్లు టక్కున ఆగవు కదా, వెనక నుంచి తోసుకొస్తూనే ఉంటాయి. ఆ ఒత్తిడంతా సొరంగం గోడల మీద పడకుండా పూల్‌లో నీటిమట్టం గబగబా పైకి లేస్తుంది. ఆ లేవడమే సర్జ్! కాసేపు ఎక్కుతూ దిగుతూ ఊగి, తర్వాత నెమ్మదిస్తుంది. పంపు స్టార్ట్ చేసినప్పుడూ అంతే, సొరంగంలో నీళ్లు ఊపందుకునే లోపు పంపుకి నీళ్లందించేది ఈ పూలే. నిల్వ చేయడం దీని అసలు పని కాదు.

అపోహ: ఇంట్లో స్టెబిలైజర్ ఉంటే సర్జ్ ప్రొటెక్టర్ అక్కర్లేదు.

వాస్తవం: ఇది నా సబ్జెక్టు కాదు గానీ, అడుగుతారు కాబట్టి చెప్తున్నా. దగ్గర్లో పిడుగు పడితే కరెంటు లైన్‌లో వచ్చే సర్జ్, అంటే వోల్టేజీ ఉన్నట్టుండి ఎగబాకడం, రెప్పపాటు కంటే ముందే వచ్చిపోతుంది. మామూలు స్టెబిలైజర్ హెచ్చుతగ్గుల వోల్టేజీని సర్దుతుందే తప్ప, అంత వేగాన్ని అందుకోలేదు.