ట్యాంకు ఆన్ చెయ్యమంటుంది, సంపు వద్దంటుంది

ఇల్లంతా సెన్సర్లూ కంప్యూటర్లూ పెట్టేస్తే వాటిని రోజూ ఎవరు కనిపెట్టుకుని ఉంటారండీ అని ఒక పాఠకుడు అడిగారు. వాటిని అవే చూసుకోవాలి, మనం నియమాలు రాసిపెడితే చాలు. ఆ నియమాన్నే పాలసీ అంటారు.

మా ఇంటి మోటారునే తీసుకోండి. ట్యాంకులో నీళ్లు అడుగంటితే మోటారు ఆన్ కావాలి, ఇదొక నియమం. సంపు ఖాళీ అయితే ఆడకూడదు, ఇది రెండోది. నీళ్లు వదలని రోజున ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. సంపులో ఫ్లోట్ (నీటిమట్టం తగ్గగానే మోటారుని ఆపే తేలే స్విచ్) పెట్టించకముందు అలాంటి రోజునే మోటారు నీళ్లు లేకుండా తిరిగీ తిరిగీ వైండింగ్ కాలిపోయింది. దిష్టి తగిలింది, స్టార్టర్ బాక్సుకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టమని పక్కింటావిడ అన్నారు. కట్టాల్సింది ఫ్లోటండీ!

ఈ "చెయ్యి", "ఆగు" తేడా నాకు మహా ఇష్టం. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మోరిస్ స్లోమన్ బృందం తయారుచేసి 2001లో ప్రకటించిన, ఇలాంటి పాలసీలు రాసే పాండర్ అనే కంప్యూటర్ భాషలో ఇవి వేరువేరు జాతులు: ఫలానాది జరిగితే, ఫలానా షరతు ఉంటే, ఫలానా పని చెయ్యి అనేది ఆబ్లిగేషన్, చెయ్యగలిగినా ఆగు అనేది రిఫ్రెయిన్, ఎవరికి దేనిమీద అధికారముందో చెప్పేది ఆథరైజేషన్. మా సంపు ఫ్లోటు అచ్చంగా రిఫ్రెయిన్!

వీళ్లే గ్లాస్గో విశ్వవిద్యాలయంతో కలిసి ఒంటికి తగిలించుకునే సెన్సర్లకీ ఇదే పద్ధతి పెట్టారు. సెన్సర్లన్నీ కలిసి ఒక సెల్, అంటే తనని తానే నడుపుకునే ఒక గుంపు. కొత్త పరికరం దగ్గరికొస్తే పసిగట్టే భాగం ఒకటి, కబుర్లు మోసే ఈవెంట్ బస్ ఒకటి, నియమాలు అమలుచేసే భాగం ఒకటి. ప్రోగ్రాం తిరగరాయకుండా, దేన్నీ ఆపకుండా నియమం మార్చెయ్యొచ్చు. మెట్లెక్కే మనిషి గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే పర్లేదు, పడుకున్న మనిషికి అంత కొట్టుకుంటే మాత్రం నర్సుకి కబురు వెళ్లాలి, అందుకని మనిషి కదలికని బట్టి ఒక నియమం తప్పుకుని ఇంకోటి వస్తుంది.

గుండె వేగం పెరిగింది, ఇంకా తరచుగా కొలవమని ఒక నియమం. బ్యాటరీ అయిపోతోంది, కొలవడం తగ్గించమని మరొకటి. మళ్లీ ట్యాంకూ సంపూ! మోటారు విషయంలో "ఆగు"దే ఎప్పుడూ పైచేయి కావాలి, గుండె విషయంలో అలా కుదరదు. ఎప్పుడు ఏది నెగ్గాలో డాక్టరు ముందే చెప్పాలి, ప్రోగ్రామర్ ఊహించి రాసేది కాదది. పిల్లలకి ప్రోగ్రామింగులో ఇఫ్-ఎల్స్ (ఇలా అయితే ఇది, లేకపోతే అది చెయ్యి) నేర్పేటప్పుడే, రెండు ఇఫ్‌లు ఒకేసారి నిజమైతే ఏం చేస్తావని అడగాలి.

ఇంకొకటి. సంపులోకి నాలుగు చెంబుల నీళ్లు రాగానే మోటారు మొదలైతే క్షణంలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, ఆ కొట్టుకోవడానికే స్టార్టర్ పాడవుతుంది. అందుకే మా ఫ్లోటు అడుగున ఆపుతుంది, మూరెడు నీళ్లు నిండాకే వదులుతుంది. బ్యాటరీ నియమానికీ, కొలవడం తగ్గించే మట్టానికీ మళ్లీ పెంచే మట్టానికీ మధ్య, ఆ మూరెడు ఎడం కావాలి.